పక్కన కాలువ, పట్టాల్లేని స్టేషన్: గ్వారెక్‌లో ఏది దేన్ని చంపింది?

ఫ్రాన్సుకు పడమటి కొసన ఉన్న బ్రిటనీలో, సముద్రానికి దూరంగా నడిమధ్యన, గ్వారెక్ అనే చిన్న ఊరుంది. బ్లావే నదీ, నాంత్–బ్రెస్ట్ కాలువా ఇక్కడ కలుస్తాయి. ఒకప్పుడు ఈ ఊరి మీదుగా మీటర్ గేజ్ రైలు (రెండు పట్టాల మధ్య మీటరు దూరమే ఉండేది) కూడా పోయేది. ఇప్పుడు కాలువలో సరుకు పడవ లేదు, రైలు దారిలో పట్టా లేదు. వేసవిలో సైకిళ్ళేసుకుని వచ్చే టూరిస్టులు మాత్రం ఉంటారు.

ఇలాంటి చోట్లు ఫ్రాన్సు పల్లెల్లో కోకొల్లలు. చూసినవాళ్ళు ఠక్కున చెప్పేసే వివరణ కూడా ఒకటుంది: రైలొచ్చి కాలువను చంపింది, లారీ వచ్చి రైలును చంపింది. వినడానికి బాగుంటుంది, కొన్నిచోట్ల నిజం కూడా. గ్వారెక్ దగ్గర మాత్రం లెక్క అలా కుదరదు. ఇక్కడ కాలువను తెగ్గొట్టింది కరెంటు. ఇక రైలును లారీ దెబ్బతీసిన మాట నిజమే గానీ, లారీ రాకముందే దాని కాళ్ళు కట్టేసి ఉన్నాయి, కట్టింది దాన్ని వేసినవాళ్ళే. కాలువను పాత చిన్న కొలతల్లోనే వదిలేశారు, రైలును డబ్బు మిగులుతుందని కావాలనే చిన్న గేజ్‌లో వేశారు. ఆ చిన్నతనమే రెండింటికీ మెడకు చుట్టుకుంది.

కాలువ సంగతి నెపోలియన్ నాటిది. బ్రెస్ట్ ఫ్రాన్సు నౌకాదళానికి పెద్ద రేవు. ఇంగ్లీషు యుద్ధనౌకలు ఆ రేవు ఎదుట కాపు కాస్తే లోపలికి తిండిగింజలు, కలప, మందుగుండు ఏదీ సముద్రం మీద చేరే వీల్లేదు. అందుకని నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా నదుల్ని ఒకదానితో ఒకటి కలుపుకుంటూ లోపలి నుంచే ఒక నీటి దారి కావాలనుకున్నారు. 1811లో పని మొదలైంది. నెపోలియన్ పోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చి మళ్ళీ పోయింది, తవ్వకం మాత్రం సాగుతూనే ఉంది. మొత్తం పూర్తయ్యేసరికి 1842. పొడవు 364 కిలోమీటర్లు, లాకులు 230కి పైనే. అప్పటికి ఇంగ్లండుతో యుద్ధమూ లేదు, రేవు ముందు కాపలా నౌకలూ లేవు. ఏ అవసరం కోసం తవ్వారో ఆ అవసరం తీరిపోయాక చేతికొచ్చిన కాలువ ఇది.

ఆ తవ్వకం ఎంత కష్టమో తెలియాలంటే గ్వారెక్‌కి పడమరగా ఉన్న గ్లోమెల్ చూడాలి. రెండు నదీలోయల మధ్య ఉన్న మిట్టను దాటించడానికి అక్కడ మూడు కిలోమీటర్లకు పైగా పొడవున, కొన్నిచోట్ల 20 మీటర్లకు మించిన లోతున కొండను నిలువునా కోశారు. 1823 నుంచి 1832 దాకా ఆ పని చేసింది ఖైదీలు. పక్కనే వాళ్ళకి క్యాంపు కట్టి, కాపలా పెట్టి, పారలు, గడ్డపారలు చేతికిచ్చి చేయించారు. ఇప్పుడు అక్కడ రెండు వైపులా చెట్లు కమ్ముకుని చల్లగా, అందంగా ఉంటుంది కాబట్టి ఫొటోలు దిగి పోతారు. ఖైదీలు తవ్విన సంగతి బోర్డు చదివితే తప్ప తెలియదు.

లాకు అంటే ఏంటో గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, ధవళేశ్వరంలోనో దుగ్గిరాలలోనో చూసే ఉంటారు: పడవను రెండు తలుపుల మధ్య నిలబెట్టి, నీళ్ళు నింపో వదిలో పైకీ కిందకీ మార్చే ఏర్పాటు. ఇందులో ఒక చిక్కుంది. కాలువ ఎంత వెడల్పున్నా, ఎంత లోతున్నా, దాని మీద తిరగగలిగే పడవ సైజును నిర్ణయించేది లాకు గదే. నాంత్–బ్రెస్ట్ కాలువ మీద ఆ గది పొడవు ఇంచుమించు 26 మీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్ల పైచిలుకు. అంటే దారి పొడవునా 200కి పైగా చోట్ల ఆగాలి, ఆగిన ప్రతిచోటా ఆ చిన్న గదిలో పట్టాలి. పైకప్పులకు వేసే పలకరాయి, కట్టెలు, పొలాల్లో చల్లడానికి తీరం నుంచి తెచ్చే సున్నపు ఇసుక, ఇలాంటి బరువు సరుకే దాని మీద నడిచింది. పడవను లాగింది గుర్రాలు, గుర్రం కిరాయి ఇచ్చుకోలేని చోట మనుషులు. తొందర లేని సరుకుకి అది చాలు, మిగతావాటికి చాలదు.

ఇక్కడ షార్ల్ ద ఫ్రేసినే గురించి చెప్పుకోవాలి. ఈయన స్వతహాగా ఇంజినీరు, తర్వాత ప్రజాపనుల మంత్రి, ఆ తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. 1879 జులై 17న ఈయన తెచ్చిన చట్టం కొత్తగా 181 రైలు మార్గాలు వేయాలంది, మొత్తం 8,848 కిలోమీటర్లు. పెద్ద నగరాల మధ్య లైన్లు అప్పటికే ఉన్నాయి, ఈ కొత్తవి చిన్న పట్టణాలకీ, పల్లెలకీ. కొత్తగా నిలదొక్కుకుంటున్న రిపబ్లిక్‌కి పల్లె ఓటరు కావాలి, పల్లె ఓటరుకి స్టేషన్ కావాలి. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, అప్పటివాళ్ళూ దాచుకోలేదు. మూడు వారాలైనా తిరక్కుండానే, ఆగస్టు 5న, ఇంకో చట్టం వచ్చింది. ముఖ్యమైన కాలువలన్నిటి మీదా లాకు గది 38.5 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు ఉండి తీరాలని. 300 టన్నుల పడవ దేశం ఈ మూల నుంచి ఆ మూలకి సరుకు దింపకుండా పోగలగాలన్నది దాని లెక్క. అంటే ఒకే మంత్రి, ఒకే ఏడాది, ఒకే వేసవిలో రైళ్ళూ కావాలన్నాడు, కాలువలూ కావాలన్నాడు. రెండూ పోటీదారులని అనుకోలేదు, ఒకదానికొకటి తోడవుతాయనుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో కాటన్ దొర భారతదేశానికి రైళ్ళకంటే కాలువలే మేలని వాదించీ వాదించీ అలిసిపోతున్నాడు; అక్కడ అది 'ఇదా, అదా' అన్న గొడవ, ఫ్రాన్సులో కనీసం కాగితం మీద 'ఇదీ, అదీ'.

అయితే నాంత్–బ్రెస్ట్ కాలువకి ఆ 38.5 మీటర్ల భాగ్యం పట్టలేదు. 200కి పైగా లాకులు పగలగొట్టి పెద్దవి చేయడమంటే మాటలు కాదు, పైగా దాని మీద అంత సరుకూ లేదు. కాబట్టి మిగతా దేశంలో 300 టన్నుల పడవ మామూలైపోతుంటే, బ్రిటనీ పడవ అందులో సగం మోయడానికే ఆపసోపాలు పడింది. వేరే కాలువల పడవ ఇందులోకి రాలేదు, ఇందులోది బయటికి పోయినా కిరాయి గిట్టదు. 1879 నాటి మంచి చట్టం ఈ కాలువను పరోక్షంగా ఒంటరిదాన్ని చేసింది.

రైలు విషయంలో చేసిన పొదుపు ఇంకా సూటిగా కనబడుతుంది. మధ్య బ్రిటనీకి రైలు వేయాలనుకున్నప్పుడు మామూలు 1,435 మిల్లీమీటర్ల గేజ్ వద్దనుకుని మీటర్ గేజ్ వేశారు. కారణాలు వినడానికి న్యాయంగానే ఉంటాయి: నేల అంతా మిట్టపల్లాలు, మీటర్ గేజ్ అయితే మలుపులు ఇంకా బిగువుగా తిప్పొచ్చు, కట్టలు, కోతలు తగ్గుతాయి, పట్టా తేలిక, ఇంజను తేలిక, వంతెన తేలిక. 1891లో మోర్లే నుంచి కారే దాకా మొదటి లైను తెరిచారు. తర్వాత ముప్పై ఏళ్ళ పైచిలుకులో కారే నుంచి గ్యాంగాం వైపు, రోస్పోర్దెన్ వైపు, షాతోలాన్ వైపు, లుదేఅక్ వైపు లైన్లు చాపుకుంటూ పోయారు. అన్నీ కలిపి 400 కిలోమీటర్లు దాటాయి. దీన్నే రెజో బ్రెతాన్ అనేవాళ్ళు, అంటే బ్రిటనీ రైల్వే. కారే ఒక మామూలు సంత ఊరల్లా లోకో షెడ్డు, వర్క్‌షాపు, రైల్వే కాలనీ ఉన్న జంక్షన్ అయిపోయింది. గ్వారెక్ స్టేషన్ కారే–లుదేఅక్ లైను మీదిది.

మరి చిక్కెక్కడ? కొసల్లో. కారే నుంచి ఏ దిక్కు పోయినా చివర్లో తగిలేది పెద్ద గేజ్ లైను. మీటర్ గేజ్ వ్యాగను దాని మీదికి పోదు. అంటే గ్వారెక్‌లో ఎక్కించిన బంగాళాదుంపల బస్తా పారిస్ పోవాలంటే దారిలో ఒకచోట వ్యాగన్లోంచి వ్యాగన్లోకి మనుషులు మోసి మార్చాలి. ఎరువు బస్తా ఇటు రావాలన్నా అంతే. ఆవుల్నీ ఎద్దుల్నీ అయితే దింపి, నడిపించి, మళ్ళీ ఎక్కించాలి. కూలి ఖర్చు ఒకటి, ఆలస్యం ఒకటి, పగిలిపోయేవీ పోగొట్టుకునేవీ ఇంకొకటి. గేజ్ మారిస్తే ఏమవుతుందో, మార్చకపోతే ఏమవుతుందో మనవాళ్ళకి బాగా తెలిసిన సంగతే. మన రైల్వే 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు పెట్టుకుని వేల కిలోమీటర్ల మీటర్ గేజ్ పీకి బ్రాడ్ గేజ్ వేసింది ఈ తలనొప్పి భరించలేకే. కాలువదీ ఇదే జబ్బని గమనించాలి. చిన్న లాకు, చిన్న గేజ్, రెండింటి ఫలితమూ ఒకటే: బయటి ప్రపంచంతో కలిసే చోట సరుకు చేతులు మారాలి.

పక్కపక్కనే ఉన్నాయి కదా, కాలువా రైలూ ఒకదానికొకటి సరుకు అందించుకునేవేమో అనిపిస్తుంది. కొన్నిచోట్ల అందుకోసమే కట్టారు కూడా. బుర్గుండీలో ఎపినాక్ బొగ్గు గనుల వాళ్ళు 1830లోనే అనుమతి తెచ్చుకుని ఒక రైలు దారి వేశారు, ఫ్రాన్సులో మొట్టమొదటివాటిలో అదొకటి. అది పోయేది ఏ నగరానికో కాదు, పోన్-దూష్ అనే చోట బుర్గుండీ కాలువ గట్టుకి. 242 కిలోమీటర్ల ఆ కాలువ 1832లో పూర్తిగా తెరుచుకుంది. బొగ్గును గని నుంచి పడవ దాకా చేర్చడమే రైలు పని, తొలిరోజుల్లో వ్యాగన్లను లాగింది గుర్రాలు. అక్కడ రైలు కాలువకి నౌకరు. దక్షిణాన కథ తిరగబడింది. కనాల్ దు మిదీ అనే కాలువని 1858లో సాక్షాత్తూ పోటీ రైల్వే కంపెనీయే 40 ఏళ్ళకి లీజుకు తీసుకుంది. కంపెనీ పేరు కూడా మిదీయే. కాలువ సుంకాలు ఎంతుండాలో రైలు నడిపేవాడి చేతుల్లో పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లీజు ముగిసి ప్రభుత్వం వెనక్కి తీసుకునేసరికి అందులో పాత కళ లేదు. 'రైలే కాలువను చంపింది' అన్న మాట పుట్టింది ఇలాంటి చోట్ల, దాన్నే తర్వాత దేశమంతటికీ అంటగట్టేశారు.

గ్వారెక్‌లో ఈ రెండూ జరగలేదు. ఇక్కడ కాలువా స్టేషనూ ఇరుగుపొరుగు అవడానికి కారణం భూగోళం. కాలువకి చదును నేల కావాలి, రైలుకి ఏటవాలు తక్కువ ఉండాలి, కొండల మధ్య ఆ రెండూ దొరికేది నది ఒడ్డున. నదిని ఆనుకుని కాలువ, కాలువకి కాస్త దూరంలో రోడ్డు, రైలు. ఫ్రాన్సు మ్యాపులో ఏ లోయ చూసినా ఇదే వరస. ఇరుగుపొరుగే, కానీ ఇచ్చిపుచ్చుకోవడాలు పెద్దగా లేవు.

స్టేషన్ ఎలా ఉండేదో చూద్దాం. ఆ కాలపు పల్లె స్టేషన్లు కంపెనీకొక నమూనా చొప్పున కట్టినవి, ఒకటి చూస్తే పది చూసినట్టే. ముఖభాగంలో రెండో మూడో తలుపులు. ఎన్ని తలుపులుంటే ఊరికి అంత హోదా అన్నమాట. కింద టికెట్ కిటికీ, వెయిటింగ్ రూము, సామాను తూచే కాటా. పైన స్టేషన్ మాస్టరు కాపురం, కిటికీకి కర్టెన్లు, వెనక కూరగాయల దొడ్డి. ఇంకాస్త అవతల ఒక చిన్న గది, అందులో కిరసనాయిలు దీపాలు తుడిచి, ఒత్తులు సరిచేసి పెట్టేవాళ్ళు, మంటకి భయపడి దాన్ని అసలు భవనానికి దూరంగా కట్టేవాళ్ళు. దాన్ని ఆనుకునే మరుగుదొడ్లు. ప్రయాణికుల వైపు చూస్తే ఇంతే. అసలు స్థలమంతా గూడ్స్ వైపు ఉంటుంది. గూడ్స్ షెడ్డు గుమ్మం నేల మట్టానికి మీటరు పైచిలుకు ఎత్తున ఎందుకుందా అని ఇప్పుడు చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది: వ్యాగను అడుగు ఎత్తూ, గుమ్మం ఎత్తూ ఒకటే, బస్తాను ఎత్తకుండా నేరుగా దొర్లించడానికి. పక్కన ఒక రాతి వాలు ఉంటే అది పశువుల్ని ఎక్కించడానికి. పట్టాలు పీకేసి అరవై ఏళ్ళు కావస్తున్నా ఈ ఎత్తులూ వాలులూ చూసి, ఆ స్టేషన్‌కి బతుకుతెరువు మనుషులు కాదు, బస్తాలూ పశువులూ అని చెప్పేయొచ్చు.

గడియారాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అంత తమాషా అయిన ఏర్పాటు ఇంకో దేశంలో కనబడదు. 1891 చట్టంతో ఫ్రాన్సంతా పారిస్ టైము పాటించాలన్నారు. స్టేషన్ బయటి గోడ మీది గడియారం అదే చూపించేది. లోపల ప్లాట్‌ఫారం మీది గడియారం మాత్రం ఐదు నిమిషాలు వెనక ఉండేది, రైళ్ళు నడిచేది దాన్ని బట్టే. పరుగెత్తుకుంటూ వచ్చే ప్రయాణికుడికి ఐదు నిమిషాల వెసులుబాటు ఇవ్వడం దీని ఉద్దేశం. ఊళ్ళోవాళ్ళందరికీ ఈ సంగతి తెలిశాక ఇక ఆ వెసులుబాటుకి అర్థమేముందో ఎవరూ అడిగినట్టు లేదు! 1911లో దేశం టైమే మార్చినప్పుడు ఇది కూడా పోయింది.

ఈ స్టేషన్లు బయటికి పంపిన అన్నిటికన్నా పెద్ద ఎగుమతి ఏంటంటే మనుషులు. లోపలి బ్రిటనీ పేద ప్రాంతం, ఆమ్ల నేలలు, కమతాలు చిన్నవి, పిల్లలు ఎక్కువ. రైలొచ్చాక సున్నం, ఎరువులు వచ్చి పంటలు మెరుగుపడిన మాట వాస్తవమే. కానీ అదే రైలెక్కి కుర్రాళ్ళు కూలిపనికీ, ఆడపిల్లలు ఇళ్ళలో పనికీ పారిస్ పోయారు. బ్రిటనీ రైళ్ళు ఆగే మోంపార్నాస్ స్టేషన్ చుట్టుపక్కల ఇవాళ్టికీ బ్రెటన్ అట్ల హోటళ్ళు వరసగా ఉన్నాయంటే కారణం అదే, దిగిన చోటే స్థిరపడ్డారు. ఊళ్ళను బాగుచేయడానికి వేసిన లైను ఊళ్ళను ఖాళీ చేయడానికీ పనికొచ్చింది, ఖాళీ అయిన ఊళ్ళలో లైనుకి ప్రయాణికులు తగ్గారు.

ఇక కాలువ ఎలా పోయిందో చూద్దాం. గ్వారెక్‌కి తూర్పున బ్లావే లోయ ఇరుకైన చోట గెర్లెదాన్ దగ్గర జలవిద్యుత్తు కోసం డ్యాం కట్టారు. 1923లో మొదలై 1930కి అయిపోయింది. ఎత్తు 45 మీటర్లు. వెనక 12 కిలోమీటర్ల పొడవున నీళ్ళు నిలిచి, కాలువ మీది 17 లాకులు, లాకు కాపలాదార్ల ఇళ్ళు, పలకరాయి గనులు, తోటలు అన్నీ మునిగిపోయాయి. పడవల్ని డ్యాం మీదుగా దాటించే ఏర్పాటు చేస్తామన్నారు, చేయలేదు. అంతే, నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా ఉన్న లోపలి నీటి దారి రెండు ముక్కలైంది. 1957లో పడమటి ముక్కను నౌకాయాన మార్గాల జాబితాలోంచి కొట్టేశారు. మరమ్మతుల కోసం 1985లోనూ 2015లోనూ చెరువును పూర్తిగా ఖాళీ చేసినప్పుడు మునిగిన లాకులు, గోడలు, చెట్ల మోళ్ళు బురదలోంచి బయటపడ్డాయి, వాటిని చూడ్డానికి జనం తిరునాళ్ళలా వచ్చారు. పడవలు తిరిగే రోజుల్లో ఆ కాలువను చూడ్డానికి అంతమంది ఎన్నడూ వచ్చి ఉండరు.

డ్యాం కట్టినవాళ్ళను తిట్టడం తేలిక. నిజానికి 1920ల నాటికే ఆ భాగంలో పడవలు పలచబడ్డాయి, కరెంటు అవసరమేమో ఎక్కువైంది. అప్పటి లెక్కలో అది తప్పు నిర్ణయం కాదు. పెద్ద కొలతల లాకులుండి, 300 టన్నుల పడవలు వరసకట్టి నడుస్తూ ఉంటే దాన్ని తెగ్గొట్టే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేసేది కాదు. చిన్నదిగా ఉండిపోవడం వల్ల అడిగేవాడు లేకుండా పోయాడు.

దీంతో 1930 నుంచి గ్వారెక్‌లో రైలుకి పడవ పోటీ లేదు. కానీ పోటీ వేరే దిక్కు నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లారీలు, బస్సులు పెరిగాయి. బస్సు ఊరి నడిబొడ్డులో చర్చి ముందు ఆగుతుంది, స్టేషనేమో ఊరి చివర. లారీ పొలం గట్టున సరుకెత్తుకుని నేరుగా బజార్లో దింపుతుంది, దారిలో ఎక్కడా బస్తా చేతులు మారక్కర్లేదు. గేజ్ మార్పు వల్ల ఎప్పుడూ దెబ్బతింటూ వచ్చిన రైలుకి ఇది అసలైన చోట తగిలిన దెబ్బ. 1934లో ప్రభుత్వం రైలు–రోడ్డు సమన్వయం పేరుతో డిక్రీ ఇచ్చింది. పైకి ఇద్దరికీ న్యాయం అన్నట్టే ఉన్నా, నడపలేని చిన్న లైన్ల మీద రైలు మానేసి బస్సు పెట్టుకోవచ్చన్నది దాని సారం. 1938 జనవరి 1న పెద్ద కంపెనీలన్నీ కలిసి ఎస్ఎన్‌సిఎఫ్ అనే జాతీయ రైల్వే అయ్యాక ఆ రెండేళ్ళలో వేల కిలోమీటర్ల పల్లె లైన్ల మీద ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. తర్వాత యుద్ధం, పెట్రోలు కరువు. జనం మళ్ళీ రైలెక్కారు, మూతపడాల్సినవి కొన్నాళ్ళు బతికాయి. రెజో బ్రెతాన్ కూడా ఆవిరి ఇంజన్లతో పాటు దె దియోన్ కంపెనీ రైల్ బస్సులు తెచ్చి ఖర్చు తగ్గించుకుని లాక్కొచ్చింది. 1967 ఏప్రిల్‌లో మీటర్ గేజ్ అంతా ఒక్కసారి మూసేశారు. గ్వారెక్ స్టేషన్ పని అక్కడితో సరి.

గేజ్ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఇక్కడుంది. ఆ 1967లోనే కారే–గ్యాంగాం ముక్కను మాత్రం మూయకుండా పెద్ద గేజ్‌కి మార్చారు. గ్యాంగాం–ప్యాంపోల్ లైను కూడా మీటర్ గేజ్‌గా పుట్టి తర్వాత పెద్ద గేజ్ అయిందే. రెజో బ్రెతాన్ మొత్తంలో ఇవాళ్టికీ ప్రయాణికుల రైళ్ళు నడిచేవి ఈ రెండే.

దీన్ని పట్టుకుని గేజే సర్వస్వం అనేస్తే అది అతి అవుతుంది. పెద్ద గేజ్‌లో వేసిన పల్లె లైన్లు ఫ్రాన్సంతటా మూతపడ్డాయి, 1930ల తర్వాత ఒక విడత, 1970 ప్రాంతంలో ఇంకో విడత. గేజ్ మార్చడానికి ఈ రెండింటినే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న కూడా ఉంది: గ్యాంగాంలో పారిస్–బ్రెస్ట్ మెయిన్ లైను దగ్గరగా తగులుతుంది, బహుశా అందుకే వాటి మీద డబ్బు పెట్టడానికి మనసొప్పింది. కాబట్టి సరైన మాట ఇదీ: చిన్న గేజ్ ఉన్న లైనుకి జబ్బు చేస్తే మందు ఖరీదు ఎక్కువ. మామూలు లైను అయితే రైళ్ళు తగ్గించి, గూడ్స్ ఒక్కటే నడిపి, పదేళ్ళు అలా ఉంచి మళ్ళీ చూడొచ్చు. మీటర్ గేజ్‌కి ఆ మధ్యేమార్గం లేదు. మొత్తం మార్చాలి, లేదా మొత్తం మూయాలి.

మూశాక మిగిలినవాటిలో మొదట పోయేవి పట్టాలు, పాత ఇనుముకి ధర ఉంటుంది కనుక. స్లీపర్లు తోటల్లో మెట్లకీ కంచెలకీ పోతాయి. కంకర అక్కడే ఉంటుంది, అందుకే ఎన్నేళ్ళైనా ఆ దారిలో ముళ్ళ డొంకలు తప్ప పెద్ద చెట్లు తొందరగా పట్టుకోవు. స్టేషన్ భవనం మాత్రం నిలుస్తుంది. చర్చిలా గొప్పదని ఎవరూ కాపాడలేదు, మామూలు కారణమే: పైన కాపురం ఉండేలా కట్టారు కాబట్టి అది ముందు నుంచీ ఇల్లే. టికెట్ కిటికీ మూసేసి గోడ కడితే హాలవుతుంది, గూడ్స్ షెడ్డు కారు షెడ్డవుతుంది. నీలం రంగు ఎనామిల్ బోర్డు తీయకుండా ఉంచుకుంటే అద్దెకి దిగే టూరిస్టులు మురిసిపోతారు. లాకు కాపలాదారు ఇంటి సంగతీ ఇంతే. కట్టేటప్పుడు ఉద్యోగికి కాపురం పెట్టినవి చాలామటుకు నిలిచాయి, వట్టి యంత్రంగా కట్టినవి అంతగా నిలవలేదు.

నేల విషయం అంత సులువు కాదు. ఫ్రాన్సులో రైలు ఆపడం ఒకటి, ఆ లైనును రికార్డుల్లోంచి కొట్టేయడం ఇంకోటి. కొట్టేసేదాకా అది ప్రభుత్వ భూమి, అమ్మడానికి వీల్లేదు. అందుకే కొన్నిచోట్ల రైలు ఆగి నలభై ఏళ్ళైనా తుప్పు పట్టాలు అలాగే ఉంటాయి. యజమాని కూడా మారుతూ వచ్చాడు: 1997 దాకా ఎస్ఎన్‌సిఎఫ్, తర్వాత పట్టాల కోసమే పెట్టిన ఆర్ఎఫ్ఎఫ్, 2015 నుంచి ఎస్ఎన్‌సిఎఫ్ రెజో. కాలువలకేమో 1991 నుంచి వేరే సంస్థ, విఎన్ఎఫ్. బ్రిటనీలో మాత్రం వాటిని ప్రాంతీయ, జిల్లా ప్రభుత్వాలు తీసుకున్నాయి. కాబట్టి కాలువ పక్క స్టేషన్ కొనుక్కున్నవాడికి ముందు గుమ్మం ఒక ఆఫీసు వైపు, వెనక గుమ్మం ఇంకో ఆఫీసు వైపు ఉంటాయి. కంచె కట్టాలన్నా, చెట్టు కొట్టాలన్నా ఎవర్ని అడగాలో తేల్చుకోవడానికే టెన్షన్.

బ్రిటనీలో పాత రైలు దారుల్ని చాలామటుకు సైకిల్ బాటలు చేశారు. ఇక్కడ గ్వారెక్ మిగతా చోట్లకి భిన్నం. కాలువ ఉన్నచోట సాధారణంగా గట్టే సైకిల్ బాట అయిపోతుంది, పక్కనున్న రైలు కట్టతో ఎవరికీ పని ఉండదు, అది పొలాల్లో కలిసిపోతుంది. కానీ ఇక్కడ కాలువ గట్టు కొంతదూరం పోయాక గెర్లెదాన్ నీళ్ళ కింద ఉంది. నార్వే నుంచి పోర్చుగల్ దాకా పోయే యూరోవెలో 1 అనే పొడవాటి సైకిల్ మార్గంలో బ్రిటనీ ముక్క చాలామటుకు ఈ కాలువ వెంబడే పోతుంది, గెర్లెదాన్ దగ్గరికొచ్చేసరికి కాలువ లేదు. అక్కడ దాన్ని గట్టెక్కించింది చెరువుకి ఉత్తరంగా పోయే పాత మీటర్ గేజ్ కట్టే. బోన్-రెపో మఠం వైపు నుంచి మూర్-ద-బ్రెతాన్య వైపు దాని మీద పోయి, డ్యాం దాటాక మళ్ళీ కాలువ గట్టు పట్టుకోవచ్చు. సరుకు రోజుల్లో ఒకదానికొకటి అందించుకోని ఆ రెండు దారులూ సైకిళ్ళ కోసం కలిశాయి.

ఖర్చు మాత్రం రెండింటికీ ఒకలా లేదు. రైలు కట్ట మీద కంకర పరిచి, గడ్డి కోసి, వంతెనల రెయిలింగులు చూసుకుంటే చాలు. కాలువ అలా ఊరుకోదు. పడవ రాకపోయినా నీళ్ళు వస్తూనే ఉంటాయి, వానాకాలంలో వదలకపోతే ఊళ్ళు మునుగుతాయి, ఎండాకాలంలో నిలపకపోతే గట్లు బీటలిస్తాయి, తలుపులు కుళ్ళితే మార్చాల్సిందే. గ్వారెక్ స్టేషన్‌ని మూసేయడానికి 1967లో ఒక ఉత్తర్వు సరిపోయింది. కాలువను 1957లో జాబితాలోంచి కొట్టేశారే గానీ మూసేయడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు.